పాలిష్ పట్టిన వాహనముపై తెల్లమరకలు: కారణములు, శుద్ధి విధానము

వాహనమును పాలిష్‌కు ఇచ్చి తెచ్చుకొను యజమాని మొట్టమొదట చూచునది దాని రంగును. బానెట్టుపై తన ముఖము స్పష్టముగా కనబడినచో తృప్తి చెంది, సొమ్ము చెల్లించి, ఇంటికి తోలుకొని వచ్చును. నాలుగు దినములు గడచిన పిదప, లేదా ఒక వాన కురిసి వెలిసిన పిదప, బంపర్ల అంచులయందును, తలుపుల క్రింది నల్లని పట్టీలయందును, అద్దముల చుట్టునున్న రబ్బరు బీడింగులయందును సున్నపు చేయి తగిలినట్లు తెల్లని చారలు బయటపడును. నీళ్ళు చల్లినచో మాయమగును. ఎండ తగిలి ఆరినంతనే మరల ప్రత్యక్షమగును. నేడు ‘డిటైలింగ్’ అను పేరుతో వీధి వీధినా వెలసిన ఈ వృత్తి, శ్రద్ధతో జరిగినచోట నిజముగా వాహనము ఆయువును పెంచును. తొందరతో జరిగినచోట రంగుకు వచ్చిన మెరుగంతయు అంచులమీద మరకగా మిగులును. ఆ మరక ఏమిటి, దేనితో పోవును, దేనితో మరింత చెడును అను విషయములను ఇచ్చట వివరింపదలచితిమి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇది పాఠ్యగ్రంథమునకు వెలుపలి పాఠము. కళాశాల వాహనముల ఖర్చులు పరిశీలించు కార్యవర్గ సభ్యులకు సొమ్ముతో ముడిపడిన సంగతి.

పాలిష్ అనగా రంగుపై ఏదో పూయుట అని చాలమంది తలంతురు. నిజమునకు అది మొదట గీయుట, తరువాతనే పూయుట. నేటి కార్లలో రంగుపొర మీద ‘క్లియర్ కోటు’ అను పారదర్శకమైన పొర ఉండును. దాని మందము సుమారు 40 నుండి 50 మైక్రానులు మాత్రమే. అనగా మన తల వెంట్రుకకంటె పలుచన. ఆ పొరపై పడిన సన్నని గీతలను పోగొట్టుటకు ‘కాంపౌండు’ అను ముద్దను పూసి, తిరుగుడు యంత్రమునకు తగిలించిన స్పాంజి బిళ్ళతో రుద్దుదురు. ఆ ముద్దలో రాపిడి పనిచేయునది ప్రధానముగా అల్యూమినియం ఆక్సైడు పొడి. ఖనిజరూపమున దీనినే కోరండమ్ అందురు. ఆ ఆంగ్లనామము మన దక్షిణదేశ భాషలలోని కురుందము, కురువిందము అను మాటలనుండి వెళ్ళినదే. కెంపురాయి యందున్నదియు ఈ పదార్థమే. ఇంత కఠినమైన పొడిని నూనె, నీరు కలిసిన ముద్దలో పట్టి ఉంచుదురు. రుద్దుట ముగిసిన పిదప వ్యాక్సు పూయుదురు. ఉత్తమమైన వ్యాక్సులలో బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి వృక్షము ఆకులనుండి లభించు కార్నబా మైనము ఉండును. అది కరగుటకు 82 నుండి 86 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. మన మే నెల ఎండకు కూడ లొంగని గట్టి మైనమది.

ఈ రెండింటిలో ఏదియు తెల్లని రంగు కాదని విద్యార్థులు గమనింపవలెను. అల్యూమినియం ఆక్సైడు స్ఫటికము శుద్ధమైనచో గాజువలె పారదర్శకమైనది. మరి తెల్లగా ఏల కనబడును? గాజుపలకను నూరినచో తెల్లని పొడి వచ్చుటకు కారణమేదియో ఇదియు అదియే. పొడి రేణువుల నడుమ గాలి చేరును. గాలి వక్రీభవన గుణకము 1, అల్యూమినియం ఆక్సైడు గుణకము సుమారు 1.76. ఈ వ్యత్యాసము వలన వెలుతురు ప్రతి రేణువు అంచువద్దను విరిగి, మరలి, నలుదిక్కులకు చెదరును. చెదరిన తెల్లని వెలుతురే మన కంటికి మరకగా తోచును. నీరు పడినప్పుడు గాలి స్థానమును 1.33 గుణకము గల నీరు ఆక్రమించును. వ్యత్యాసము తగ్గును, చెదరుట తగ్గును, మరక మాయమైనట్లు కనబడును. నూనె పూసినచో వ్యత్యాసము ఇంకను తగ్గును. షెడ్డునుండి వాహనమును అప్పగించునప్పుడు నల్లని భాగములన్నియు నిగనిగలాడుటకును, రెండు కడుగుళ్ళ తరువాత తెల్లబడుటకును రహస్యమిదియే. పొడిని తీయలేదు, దానిపై నూనె పూసినారు. యజమాని చూచినది శుద్ధి కాదు, తడి.

పూర్వకాలపు వాహనములకు ఈ బాధ ఇంతగా లేదు. 1958లో మొదలై 2014 వరకు తయారైన అంబాసిడరు కారునే తీసికొనుడు. చాలకాలము దాని బంపర్లు క్రోమ్ పూత గల ఉక్కువి. నున్నని లోహముపై ఎండిన వ్యాక్సును గుడ్డతో ఒక్క తుడుపు తుడిచినచో ఊడివచ్చెడిది. 1954లో ఇటలీ రసాయనవేత్త జూలియో నట్టా ప్రయోగశాలలో పాలిప్రొపిలీన్ అను ప్లాస్టిక్కు స్ఫటికరూపమున సిద్ధించినది. ఆ కృషికి ఆయనయు, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లరును 1963లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. తేలికైనది, చవుకైనది, చిన్న దెబ్బకు వంగి మరల లేచునది కావున కాలక్రమమున అది వాహనముల బంపర్లను, పట్టీలను ఆక్రమించినది. ఇందులో కొంత రబ్బరు, కొంత టాల్కు పొడి, నలుపుకొరకు కార్బన్ బ్లాక్ కలుపుదురు. కంటికి మొరటుగా కనబడకుండుటకై పైతలమున తోలుపై ఉండు ముడతలవంటి గరుకు నమూనాను అచ్చులోనే దించుదురు. ఈ గరుకుతనమే మన కథలోని ప్రతినాయకుడు. ప్రతి ముడత అడుగునను ఒక చిన్న గుంట. ప్రతి గుంటలోను కొంత కాంపౌండు, కొంత మైనము. పైన పైన తుడిచిన గుడ్డ శిఖరములనే తాకును, లోయలను తాకదు.

చికిత్సకు ముందు రోగనిర్ణయము కావలెను. తెల్లబడిన ప్రతి ప్లాస్టిక్కును మరక పట్టినది కాదు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు, గాలిలోని ఆమ్లజని కలిసి ఏళ్ళ తరబడి ప్లాస్టిక్కు గొలుసులను తెంచగా, పైపొర పెళుసై, లోపలి టాల్కు పొడి బయటపడి, నలుపు బూడిదవర్ణమగును. దీనికిని నీరు చల్లినచో నలుపు వచ్చును, ఆరినచో పోవును. కావున నీటి పరీక్ష ఒక్కటే చాలదు. ఎండ అధికముగా తగులు భాగమంతయు సమానముగా వెలిసియున్నచో అది ముసలితనము. రంగు ముగిసి ప్లాస్టిక్కు మొదలగు గీత వెంబడి, మూలలలో, యంత్రము తిరిగిన వంపు ఆకారమున తెలుపు ఉన్నచో అది కాంపౌండు. సందేహము తీరనిచో, అగరుబత్తి పుల్ల మొనకు తడిదూది చుట్టి ఒక ముడతలో త్రిప్పి చూడవలెను. తెల్లని ముద్ద దూదికి అంటినచో, ఆ చోట నలుపు తేలినచో, మరక పోవునదే. మూడవ స్థితి కూడ కలదు. యంత్రము స్పాంజి నేరుగా ప్లాస్టిక్కుపై ఎక్కి, ఆ వేడికి, రాపిడికి ముడతలే అరిగిపోయి, ఆ చోట నున్నగా, జిడ్డుగా మెరయును. ఇది నీటికిని మారదు, దూదికిని అంటదు. దీనికి శుద్ధి లేదు.

ఈ నిర్ణయము ఎంత అవసరమో మా కళాశాల వ్యాను విషయమున తెలిసివచ్చినది. ఒక వార్షికోత్సవమునకు ముందు దానిని పాలిష్‌కు పంపగా, తిరిగివచ్చిన వారమునకు ప్రక్కపట్టీలు, వెనుక బంపరు తెల్లబారినవి. పనిచేసిన షెడ్డువారిని అడుగగా, ప్లాస్టిక్కు పాతబడినదనియు, పట్టీలన్నియు మార్చవలెననియు సెలవిచ్చిరి. వారు చెప్పిన వెల ఆ సంవత్సరము ప్రయోగశాల గాజుసామగ్రికి కేటాయించిన సొమ్ములో గణనీయమైన భాగము. కార్యవర్గము మీమాంసలో ఉండగా, రసాయనశాస్త్ర విభాగమున మేము పుల్లకు చుట్టిన దూదితో పదిచోట్ల పరీక్షించితిమి. ఎనిమిదింట దూది తెల్లబడినది. రెండు చోట్ల ముడతలు అరిగియున్నవి. పట్టీలు మార్చలేదు. నలుగురు విద్యార్థులు రెండు సాయంత్రములు శ్రమించి వానిని శుద్ధి చేసిరి. ఆ క్రమమునే దిగువ వ్రాయుచున్నాము.

వాహనము నీడన ఉండవలెను. పట్టీ చేతికి చల్లగా తగులవలెను. ఎండలో వేడెక్కిన ప్లాస్టిక్కుపై ఏ ద్రవము పోసినను క్షణములో ఆరి కొత్త మరక వేయును. తొలుత వాహనముల షాంపూ కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి దుమ్ము పోగొట్టవలెను. లేనిచో రుద్దునప్పుడు దుమ్మే గీతలు పెట్టును. పిదప మెత్తని కుచ్చు గల పాత పళ్ళబ్రష్షును సబ్బునీటిలో ముంచి, ముడతలు సాగిన దిక్కునను, దానికి అడ్డముగను, చిన్న చిన్న వలయములుగను రుద్దవలెను. ఒకేసారి జానెడు చోటు చాలును. రుద్దిన వెంటనే నురుగు ఆరకముందే తడిగుడ్డతో ఎత్తివేయవలెను. కరగిన ముద్దను ఎత్తక వదలినచో అది ప్రక్క గుంటలో చేరి మరల ఎండును. మేము చూచినంతవరకు చాలమంది విఫలమగునది ఇచ్చటనే. రుద్దుటలో బలము చూపుదురు, ఎత్తుటలో ఓపిక చూపరు.

కొత్త మరక దీనితోనే పోవును. వారములు గడచి గట్టిపడిన కాంపౌండులో నూనె ఆవిరియై పొడి మాత్రమే గట్టిగా బిగిసియుండును; దానికితోడు మైనము నీటికి కరగదు. అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాలును సమభాగము నీటితో కలిపి, గుడ్డపై తీసికొని వాడవలెను. ప్రయోగశాల రసాయనములు అమ్ముచోట ఇది దొరకును. పనిముట్టులో మైనము పాలు ఎక్కువగా ఉన్నట్లు తోచినచో, రంగులు వేయువారు వాడు మినరల్ టర్పెంటైను కొద్దిగా గుడ్డకు అద్ది, ఒక్క నిముషములో పని ముగించి, వెంటనే సబ్బునీటితో కడిగివేయవలెను. రెండును మండు ద్రవములే. దగ్గరలో బీడీయైనను, దీపమైనను ఉండరాదు. ఏ ద్రవమునైనను ముందుగా బంపరు అడుగున, కంటికి కనబడని చోట పరీక్షించి చూచుట వృత్తిలో ఆరితేరిన ఉస్తాదులు కూడ మానని అలవాటు. వేడినీటిలో ముంచి పిండిన తువ్వాలును రెండు నిముషములు మరకపై పరచినచో మైనము పూర్తిగా కరగకపోయినను మెత్తబడును. బ్రష్షు పని సగమగును. బడిపిల్లల తెల్లని పెన్సిలు రబ్బరు కూడ చిన్న మరకలకు ఆశ్చర్యకరముగా పనిచేయును.

అమెరికా దేశమున వేరుసెనగపప్పు ముద్దను రుద్దుట ప్రసిద్ధమైన గృహవైద్యము. ఇది వట్టి మూఢనమ్మకము కాదు. పప్పులోని నూనె మైనమును మెత్తబరచును. నూరిన పలుకులు మృదువుగా గీకును. కాని తరువాత ఆ నూనెను పోగొట్టుటకు మరల సబ్బే కావలెను. చీమలకు విందు కూడ. పల్లీలను పచ్చడికి వినియోగించుటయే మేలని మా అభిప్రాయము.

చేయరాని పనులు మన షెడ్లలో కొన్ని రూఢమైనవి. నల్ల బూటుపాలిష్ పూయుట అందు మొదటిది. అది మైనము, నల్లరంగు కలిసిన పదార్థము. తెల్ల మైనముపై నల్ల మైనము పూసినట్లగును. ఆనుకొని నిలిచినవారి బట్టలకు అంటును. పళ్ళపొడి, పేస్టు వాడుట రెండవది. వానిలోని సుద్దవంటి రాపిడి పొడి గుంటలలో చేరి తెల్లదనమును రెట్టింపు చేయును. మంటగాలి యంత్రముతో ప్లాస్టిక్కును కాల్చుట మూడవది. పాలిప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల వద్ద కరగును. ఆ యంత్రము అంతకంటె ఎంతో ఎక్కువ వేడిని చిమ్మును. పైపొర కరగి నల్లబడుట నిజమే. ఆ నలుపు కొన్ని నెలలకు పోవును, వంకరపోయిన బంపరు మాత్రము సరియగునది కాదు.

డీజిలు, కిరసనాయిలు, వాడిన ఇంజను ఆయిలు తుడుచుట అన్నిటికంటె వ్యాప్తమైన దురలవాటు. ఇందులోని హాని ప్లాస్టిక్కుకంటె రబ్బరుకు ఎక్కువ. తలుపుల చుట్టునుండు బీడింగును సాధారణముగా ఇ.పి.డి.ఎం. అను కృత్రిమ రబ్బరుతో చేయుదురు. ఎండను, వానను, ఓజోనును అది అద్భుతముగా తట్టుకొనును. పెట్రోలియం నూనెలను మాత్రము తట్టుకొనలేదు. నూనె త్రాగి ఉబ్బి, మెత్తబడి, గాడినుండి జారును. వానాకాలమున నీరు లోనికి వచ్చిన తరువాత గాని యజమానికి తెలియదు. బీడింగుపై మరకను పలుచని సబ్బునీటితో, మెత్తని గుడ్డతో తీసి, ఆరిన పిదప సిలికోను ద్రవమును పలుచగా పూసిన చాలును. అది రంగుపై చిందకుండ చూడవలెను. సిలికోను అంటిన రంగుపై మరునాడు కొత్త రంగు కొట్టినచో అది పట్టక చేపకన్నులవంటి గుంటలు పడును.

ఇక లోహపు అంచుల మాట. నేటి కార్లపై వెండివలె మెరయు పట్టీలు పెక్కు లోహమే కావు, ఎ.బి.ఎస్. ప్లాస్టిక్కుపై రాగి, నికెలు, వానిపై క్రోమియం పూత వేసినవి. మనము చూచు మెరుగంతయు నికెలుది. దానిని కాపాడు క్రోమియం సాధారణముగా ఒక మైక్రానుకంటె పలుచనిది. గిన్నెలు తోము పచ్చపీచుతో దానిని రుద్దుట అనగా కాపలావానిని తరిమివేయుటయే. కొన్ని వాహనములకు ఆనొడైజు చేసిన అల్యూమినియం పట్టీలుండును. విద్యుద్విశ్లేషణచే పెంచిన ఆక్సైడు పొర వానికి కవచము. అల్యూమినియం ఉభయగుణి అని మనము తరగతిలో చదివినదే: ఆమ్లమునందును కరగును, క్షారమునందును కరగును. పి.హెచ్. విలువ 4కు దిగువనో, 9కి పైననో ఉన్న ఘాటైన ద్రవమును ఎండలో పోసి వదలినచో కవచము కరగి పాలపొంగువంటి తెల్లమచ్చ మిగులును. ఇది మరక కాదు, గాయము. ఏ బ్రష్షుకును పోదు. పాలిష్ చేసినచో మచ్చతోపాటు మిగిలిన కవచమును పోవును. పట్టీని మార్చుటయో, పైన వినైలు అంటించుటయో తప్ప మార్గము లేదు.

ఆమ్లముల ప్రసక్తి వచ్చినది కావున ఒక గంభీరమైన విషయము చెప్పవలసియున్నది. చక్రములను, సిమెంటు మరకలను తొలగించుటకు అమ్ము కొన్ని ద్రవములలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమో, దానిని పుట్టించు అమ్మోనియం బైఫ్లోరైడో ఉండును. పలుచని స్థితిలో ఇది చర్మమునకు తగిలినప్పుడు వెంటనే మంట ఉండదు. కొన్ని గంటల తరువాత ఆరంభమగును. ఈలోగా ఫ్లోరైడు చర్మము దాటి లోనికి పోయి దేహములోని కాల్షియంను పట్టుకొనును, ఎముకను తాకును, గుండె లయను కూడ చెరుపగలదు. తగిలినచో ధారాళముగా నీటితో కడిగి, మంట లేకపోయినను, వెంటనే వైద్యునివద్దకు పోవలెను. కాల్షియం గ్లూకోనేటు లేపనము దీనికి విరుగుడు. షెడ్లలో ఉత్తచేతులతో, చెప్పులు లేని కాళ్ళతో ఈ ద్రవములు పోయుచు కనబడు కుర్రవాండ్రలో పెక్కురు మన విద్యార్థుల ఈడువారే. వారికి డబ్బాపై వ్రాసినది చదివి చెప్పువారు అరుదు. చాలసార్లు డబ్బాపై వ్రాతయే ఉండదు. కళాశాల వాహనమును కడుగుటకు ఇచ్చునప్పుడు ఏ ద్రవము వాడుదురని అడుగుట, పేరులేని సీసా కనబడినచో వద్దనుట కార్యవర్గమునకు కష్టమైన పని కాదు.

శుద్ధి ముగిసి పట్టీలు పూర్తిగా ఆరిన తరువాత పలుచని పూత ఒకటి వేయవచ్చును. నీటి ఆధారమున చేసిన ‘ట్రిమ్ డ్రెస్సింగు’ మేలు. స్పాంజిపై తీసికొని పూసి, అయిదు నిముషములకు పొడిగుడ్డతో మిగులును తుడిచివేయవలెను. తుడువక వదలిన పూత దుమ్మును పట్టి జిడ్డగును. ఇదివరలో మేము నిందించిన తడి మెరుపునకును దీనికిని భేదమేమని ఎవరైన అడుగవచ్చును. అది మరకను కప్పినది. ఇది శుభ్రమైన ముడతలో నిలుచునది. ద్విచక్రవాహనములు గల విద్యార్థులు మాత్రము ఇట్టి పూతను టైరు నేలను తాకు భాగమునకును, బ్రేకు డిస్కుకును, సీటుకును, కాలు ఆనించు పెడలుకును ఎన్నడును తగులనీయరాదు. మెరయు టైరు మలుపులో జారును.

ఈ శ్రమయంతయు అసలు కలుగకుండ చేయు సాధనము ఒక కాగితపు టేపు. యంత్రము పట్టుటకు ముందు నల్లపట్టీల అంచులను, బీడింగులను, చిహ్నములను రంగులు వేయువారు వాడు టేపుతో కప్పినచో కాంపౌండు వానిని చేరదు. ఒక కారుకు చుట్టలు రెండు మూడు, సమయము అరగంటనుండి ముప్పావు గంట. పాలిష్ మేస్త్రీకి ఇది తెలియక కాదు. దినమునకు ఇన్ని వాహనములని లెక్కగట్టి కూలి ఇచ్చుచోట ఆ ముప్పావు గంట అతని కూలిలో కోత. బేరమాడి వెల తగ్గించిన యజమాని మొదట కోల్పోవునది ఆ టేపునే. అందుచేత వాహనమును అప్పగించునప్పుడే టేపు ఖర్చును బిల్లులో వేరుగా వ్రాయించి, దానికి వేరుగా చెల్లించుట మంచిది. తిరిగి తీసికొనునప్పుడు పట్టీలకు ఏ పూతయు వేయక పొడిగా అప్పగింపుమని ముందే చెప్పవలెను. నూనె లేని పట్టీ ఎట్లున్నదో షెడ్డు గుమ్మములోనే తెలియును. మా వ్యాను వెనుక బంపరుపై, కుడి మూలలో, అరిగిన ముడతలు గల ఆ రెండు చోట్లు మాత్రము అట్లే యున్నవి. వానిపై పడు వెలుతురు తక్కిన బంపరుపై పడు వెలుతురువలె చెదరక, నేరుగా కంటికి తగులుచున్నది.